రెండు పేటల మర

శుద్ధ విదియ

కొత్త మర ఇవాళ్టికి నిటారుగా నిలబడింది. ఒండ్రులో దొరికిన ఆ ఇనుప స్తంభాన్ని, గద్దె కింద ఒండ్రులో బతికే కిందివాళ్లు తవ్వి, కడిగి ఇచ్చారు. మా మూల జనం గిలకల మీద తాళ్లు వేసి లేపారు. లేపేటప్పుడు ఒకరి మాట ఒకరు వింటే ఒట్టు. అటు లాగమంటే ఇటు లాగడం, ఇటు లాగమంటే నోట్లో వేలేసుకుని చూడడం. ఇలాంటివాళ్లని పెట్టుకుని, ఊరంతటినీ మోసే ఈ గద్దె ఇన్నాళ్లు నిలబడిందంటే అది మరల గొప్పతనమే.

పాత మర మొన్న అమావాస్య పోటుకి నిలువునా చీలింది. చీలుతుందని నేను ఎప్పటి నుంచో మొత్తుకుంటున్నాను. లెక్కలమనిషి మాట ఎవరిక్కావాలి? ఒకవైపు సముద్రం పెరుగుతోంది, ఇంకోవైపు గద్దె తన బరువుకి తానే ఒండ్రులోకి దిగబడుతోంది. అందుకని ప్రతి పున్నమికీ ఊరి నాలుగు మూలల్నీ జానెడెత్తు లేపుకోవాలి. మిగతా మూడు మూలలూ లేచి మాదొక్కటీ లేవకపోతే గద్దె ఇటు ఒరుగుతుంది. ముందు మంచినీళ్ల తొట్టి జారుతుంది, తర్వాత దాని దారిలో ఉన్న ఇళ్లు, వాటితో పాటు మేము.

మా చెల్లెలు వీరమణి తిప్పుడు కర్రల దగ్గర పని చేస్తుంది. నలభై మందిలో అందరికన్నా నోరున్నది అదే. సాయంత్రం అరచేతులకి చుట్టిన గుడ్డలు విప్పుకుంటూ, "కొత్తది పాతదానికన్నా తేలిగ్గా తిరుగుద్దంటావా అక్కా?" అంది.

కొలిచాక చెబుతానన్నాను.

"కొలవకుండా ఒక్క మాటా సెప్పవు కదే నువ్వు. గంజి ఉడికిందో లేదో కూడా కొలిసే సెప్తావు," అని పకపకా నవ్వింది. ఒళ్లంతా నొప్పులతో పడుకునే మనిషికి అంత నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

శుద్ధ చవితి

కొలిచాను. 

మర అంటే స్తంభానికి చుట్టిన వాలుబల్ల, అంతకన్నా ఏమీ లేదు. తాటాకుని వాలుగా కోసి పుల్లకి చుట్టి చూపిస్తే పసిపిల్లలకి కూడా తెలుస్తుంది, మా పెద్దలకి తప్ప. నిలువునా ఎత్తలేని మూటని వాలుబల్ల మీద మెల్లగా తోస్తాం. మర ఆ పనే గుండ్రంగా చేయిస్తుంది. మా మరలు కదలవు. వాటి మీద బండి చక్రమంత నట్టు తిరుగుతుంది, నట్టు మీద గద్దె కూర్చుంటుంది. నట్టుకి గుచ్చిన కర్రల్ని రొమ్ములతో తోస్తూ జనం గుండ్రంగా నడుస్తారు. నట్టు ఎక్కితే ఊరు ఎక్కుతుంది.

కర్ర కొస ఒకసారి చుట్టి వచ్చేసరికి పాతిక మీటర్లు నడుస్తుంది. పాత మరకి ఆ పాతిక మీటర్లకి గద్దె అయిదు సెంటీమీటర్లు లేచేది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అయిదు వందలు, అంటే తోపుకి అన్ని రెట్లు బరువు లేస్తుంది. అది కాగితం మీద లాభం. అందులో అయిదు పాళ్లకి నాలుగు పాళ్లు రాపిడి తినేస్తుంది. చేతికి దక్కేది వంద. మా మూల బరువు లక్ష కిలోలు, వందతో భాగిస్తే వెయ్యి కిలోల తోపు కావాలి. మనిషి పాతిక కిలోలు తోస్తాడు. కాబట్టి నలభై మంది.

కొత్త మర మీద దారం నిలువుగా పట్టి పది చుట్లు కొలిచాను. పాతిక సెంటీమీటర్లు. చుట్టుకి రెండున్నరే! లాభం రెట్టింపు. రాపిడి పోగా రెండు వందలు. ఇరవై మంది చాలు.

లాభం అన్నది మా దగ్గర ఉత్త లెక్కల మాట కాదు. లాభం పెరిగినచోట మనుషులు మిగులుతారు. మిగిలినవాళ్లు కిందికి దిగుతారు, వాళ్ల గంజి పైవాళ్లు పంచుకుంటారు. పంపకందారు గవర్రాజు గారు నా లెక్క విని మోకాళ్ల మీద చరుచుకున్నారు.

"అబ్బా! లాభమంటే ఇదమ్మా రత్నం! మన మూలకి ఇన్నాళ్లకి రోజులొచ్చాయి."

దాచుకోవడమెందుకు, నేనూ పొంగిపోయాను. నన్ను ఆయన పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు.

శుద్ధ షష్ఠి

ఎంతమంది అన్నది నా పని. ఎవరన్నది గవర్రాజు గారి పని. ఆయన నోరున్నవాళ్లని, మోకాళ్లు అరిగినవాళ్లని ముందు ఏరారు. అందులో వీరమణి పేరు కూడా ఉంది. వెళ్లి అడుగుదామనుకున్నాను. ఏమని అడగను? ఇరవై అని చెప్పింది నేనే, అందులో ఒకటి తగ్గించి పందొమ్మిది చెయ్యమని నేనే అడిగితే ఇక నా లెక్కకి విలువేముంది?

పూర్వం పాడెని దారిలో దించి, పోయినవాళ్ల చెవిలో పేరు పెట్టి పిలిచేవారు, ఏమో లేస్తారేమోనని. దింపుడు కళ్లం అనేవారు. మా దగ్గర దాన్ని బతికున్నవాళ్లకి చేస్తాం. దిగబోయే మనిషిని బల్ల మీద పడుకోబెడతారు. దగ్గరి చుట్టం చెవిలో మూడుసార్లు పిలవాలి, పడుకున్నవాళ్లు పలక్కూడదు. పలక్కపోతే పోయినట్టే, పంపకంలో పేరు కొట్టేస్తారు. ఆ తర్వాత బుట్టలో కూర్చోబెట్టి గిలక మీద కిందికి వదులుతారు.

వీరమణికి దగ్గరి చుట్టాన్ని నేనే.

"మణీ," అన్నాను. కళ్లు మూసుకుని ఉంది. రెండోసారి పిలిస్తే పెదవి వణికింది. మూడోసారి పిలిచేసరికి ఊరంతా దద్దరిల్లేలా "ఆయ్!" అంది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

"మళ్లీ పిలవమ్మా," అన్నారు గవర్రాజు గారు, విసుగ్గా.

మళ్లీ మొదటి నుంచి పిలిచాను. ఈసారి పలకలేదు. నా మెడ పట్టుకుని కిందికి వంచి, నా చెవిలోనే అడిగింది.

"నీ లెక్కలో తప్పేం లేదు కదే అక్కా? ఉంటే ఇప్పుడే సెప్పెయ్. నేనేం అనుకోను."

"నా లెక్క ఎప్పుడు తప్పింది?" అన్నాను.

"అవున్లే," అంది. చెయ్యి వదిలేసింది.

సాయంత్రం గంజి రెండో గరిటె కూడా పోశారు. గుటక దిగదనుకున్నాను. దిగింది, ఆకలి అలాంటిది.

శుద్ధ అష్టమి

స్తంభంతో పాటే దొరికిన నట్టుని ఇవాళ ఎక్కించాం. గద్దె బరువు దాని మీద మోపకముందే ఒట్టి నట్టుని ఒక చుట్టు తిప్పమన్నాను. తిప్పుడు జట్టుకి పెద్ద ఏసోబు. మంచివాడు, బుర్ర తక్కువ. నేను నట్టు కింది అంచు దగ్గర మర మీద సుద్దతో గీత పెట్టాను. నట్టు ఒకసారి తిరిగి వచ్చింది. గీతకి పైన ఒక చుట్టు కనిపించాల్సినచోట రెండు కనిపించాయి.

ఏసోబు ఎక్కువ తిప్పాడనుకుని నాలుగు తిట్టాను. మళ్లీ తిప్పించాను. మళ్లీ రెండు.

అప్పుడు వేలు పెట్టి మర మీది గట్టు వెంబడి స్తంభం చుట్టూ తిరిగాను. బయల్దేరినచోటికి వచ్చేసరికి వేలు పై గట్టు మీద ఉండాలి. లేదు. ఒకటి వదిలేసి దాని పైదాని మీద ఉంది. మధ్యలో వదిలేసింది వేరే గట్టు, దాని దారి దానిది. ఒకే స్తంభానికి రెండు వాలుబల్లలు జంటగా చుట్టారు, రెండు పేటల గొలుసులాగా. ఒక తిరుగుడికి గద్దె రెండున్నర కాదు, అయిదు సెంటీమీటర్లు లేస్తుంది. లాభం పాత మరదే, వందే. కావాల్సింది నలభై మందే.

మా గద్దె మీద రెండు పేటల మరని ఎవరూ చూసి ఎరగరు. మర మీది గట్టునీ మేము చుట్టు అనే అంటాం, నట్టు ఒకసారి తిరిగి రావడాన్నీ చుట్టు అనే అంటాం. మాకు రెండూ ఒకటే. నాకు లెక్క నేర్పిన ఆవిడకీ అంతే, ఆవిడకి నేర్పినవాళ్లకీ అంతే. ఇంకొక్క మాట మా నోళ్లలో ఉండి ఉంటే నేను దారం నిలువుగా పట్టి ఊరుకునేదాన్ని కాదు.

"ఏంటక్కా, మొకం అలా ఎట్టేసేవు?" అన్నాడు ఏసోబు.

ఎండ అన్నాను.

శుద్ధ నవమి

గవర్రాజు గారికి చెప్పేశాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. కూర్చోమని పీట వేశారు. 

"అయితే నలభై మంది కావాలంటావు."

"కావాలండి. ఆ ఇరవై మందినీ పైకి తెచ్చెయ్యండి. పోటుకి ఇంకా వ్యవధుంది."

"పిలుపైపోయినవాళ్లని పైకి తేవడం ఇదివరకు లేదమ్మా. వాళ్ల గంజి జనం రుచి మరిగారు. అయినా తప్పదంటే తెస్తాను, నేనేం రాక్షసుణ్ణి కాదు. తెచ్చాక జనానికి ఏదో ఒకటి చెప్పుకోవాలి కదా? ఫలానా మనిషి తప్పు కొలిచిందని చెప్పాలి. ఊరుకుంటారా? ఆ మనిషిని దింపమంటారు. ఆపడం నా వల్ల కాదు."

 ఆయన గొంతు ఇంకా తగ్గించారు.

"నువ్వు తెలివైనదానివి. లాభం పెంచడానికి వేరే దారి లేదంటావా? కర్ర పొడుగు చేస్తే?"

"గద్దె అంచు దాటిపోతుందండి. అక్కడ నడవడానికి చోటు లేదు."

"మరి ఆ రాపిడేదో తింటుందంటావే, దాని నోరు కట్టలేమా? గోదాములో సొరచేప నూనె ఉంది."

లెక్క కట్టకుండా ఉండలేను, అదీ నా జబ్బు. ఆయన మాట ముగించేలోపే కట్టేశాను. సొర నూనె పట్టిస్తే రాపిడి నాలుగు పాళ్లు తినేచోట మూడే తింటుంది, రెండు మిగులుతాయి. అయిదు వందల్లో రెండు పాళ్లు రెండు వందలు. సరిగ్గా ఇరవై మంది.

"ఏమ్మా, చాలుతారా ఇరవై మంది?"

ఆయనకి భాగహారం రాదు. చాలరండి అని ఒక్క ముక్క అంటే వీరమణి రేపటికి పైన ఉండేది, నేను కింద ఉండేదాన్ని. కింద ఒండ్రు నడుముదాకా ఉంటుంది. పీతలు తప్ప తిండి లేదు. నాకు భయం వేసింది. ఇంకే పేరూ పెట్టను దానికి, భయమే.

"చాలుతారండి," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇంకాస్త ఎక్కువ పోస్తే పది మందితో అయిపోదా?"

"వద్దండి. రాపిడి సగం కన్నా తక్కువ తింటే నట్టు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది, గద్దె కిందికి జారిపోతుంది. ఆ రాపిడి ఉండబట్టే నిలబడ్డాం."

"సరే, నీ ఇష్టం," అన్నారు, ఏదో నాకు ఉపకారం చేస్తున్నట్టు.

శుద్ధ ద్వాదశి

పాటు సమయంలో, నీళ్లు తీసినప్పుడు, గద్దె నేలలో ఉన్న బుట్ట తలుపు తెరుస్తారు. కిందివాళ్లు పీతలూ ఇనప ముక్కలూ పైకి పంపితే మంచినీళ్లు కిందికి దించుతాం. ఇవాళ ఆ పని నేను చేస్తానన్నాను.

వీరమణి మర మొదట్లో నిలబడి ఉంది. ఒళ్లంతా ఒండ్రు, పెదాలు పగిలిపోయాయి. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఎలా ఉన్నావే?"

"బానే ఉన్నాను. పీతలు నన్ను తినకముందే వాటిని నేను తినేత్తన్నాను."

మునిగిన ఊళ్లో ఒక మేడ కప్పు మీద ఉంటున్నారట. అందరూ ఉన్నారట, కొండయ్య తాతకి దగ్గు పట్టుకుందట.

"పున్నమికి మేడ మునిగిపోతుంది కదే," అన్నాను.

"మునుగుద్ది. అప్పుడు ఈ మరెక్కేత్తాం. కొండయ్య తాత కల్లు గీసేవోడు కాదా, అందరికీ మోకులు పేనాడు. తాటిసెట్టుకి ఏసుకున్నట్టు నడుంకీ మరకీ కలిపి మోకేసుకుని, కాళ్లు తన్నిపెట్టి, పోటు తీసేదాకా ఏలాడ్డమే. నిన్న ఎక్కి సూసేం. కొత్త మర భలే గరుకుగా ఉందక్కా, మోకు అంగుళం జారట్లేదు."



"రెండో మూల మర దగ్గరికి పోకూడదూ?" అన్నాను.

"మజ్జిలో లాగుడుంది. నేనైతే ఈదేత్తాను, ముసిలోళ్లు కొట్టుకుపోతారు. ఏం, ఎందుకే?"

"ఊరికే."

పైన మా లాభాన్ని తినేది ఏదో, కింద వాళ్లని పట్టుకుని ఉండేది అదే, ఆ రాపిడే. చెప్పాలి. చెబితే అది అరుస్తుంది. అరిస్తే ఏసోబు వింటాడు. ఏసోబు వింటే నూనె ఎందుకు, లెక్క ఎవరిది అని అందరూ అడుగుతారు. నా నీళ్ల చెంబు కూడా బుట్టలో పెట్టి దించాను.

"ఇది నీ వాటా కదే. నీకో?"

దాహం లేదన్నాను. అది గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నువ్వు మంచిదానివేనే అక్కా, కానీ పైకి కనపడనియ్యవు," అంది. తలుపు మూసేశాను. 

శుద్ధ చతుర్దశి

నూనె పట్టించాం. నట్టు లోపలా, దాని పైన మూరెడు మేరా మాత్రమే పట్టించాను. కింది భాగానికి అక్కర్లేదని గవర్రాజు గారికి గట్టిగా చెప్పాను. సొర నూనె చిక్కగా ఉంటుంది, ఉన్నచోటే ఉంటుంది, కిందికి కారదు. ఎండ సంగతి నాకు తట్టలేదు.

అబద్ధం. తట్టింది. మధ్యాహ్నానికే నట్టు కింద నుంచి ఒక ధార బయల్దేరింది. గుడ్డతో తుడిచాను. మళ్లీ వచ్చింది, మళ్లీ తుడిచాను. రెండు పేటల మధ్య పల్లాల్లో పడి మెలికలు తిరుగుతూ, దారి చూపించినట్టుగా దిగిపోతోంది. ఏసోబు చూసి, "ఎందుకక్కా అంత యాతన, కారితే కారనీ," అన్నాడు. అవునన్నాను. గుడ్డ అక్కడే పడేసి వచ్చేశాను.

పున్నమి

పొద్దున్నే పోటు మొదలైంది. బుట్ట తలుపుకి గడియ వేశారు, పున్నమి నాడు వెయ్యడం రివాజు. పాత మర మీది బరువంతా కొత్త నట్టు మీదికి వచ్చింది. ఇరవై మంది కర్రలకి రొమ్ములు ఆనించారు.  ఏసోబు "ఐలెస్సా" అని అందుకున్నాడు. నట్టు మూలిగి, కదిలింది.

జనం ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. ఇంత తేలికా! మొదటి చుట్టు సగంలోనే ఎవరో పరాచికాలు మొదలుపెట్టారు. గవర్రాజు గారు తొట్టి పక్కన నిలబడి నీళ్ల మట్టం చూసుకుంటూ నాకు తలాడించారు. నా లెక్క ఇసుమంత కూడా తప్పలేదు. సంతోషించాను. రాయకూడదేమో కానీ ఆ క్షణాన సంతోషించాను.

నేను నట్టు పక్కన మోకాళ్ల మీద కూర్చుని గుర్తులు పెడుతున్నాను. అక్కడ కూర్చుంటే కింది మాటలు ఇనుము పట్టుకుని పైకి వస్తాయి. రెండో చుట్టులో ఉండగా వచ్చాయి.

"అక్కా! అక్కోయ్!"

నేను పలకలేదు.

"అక్కా, పైన నూనె ఒలికిపోయినట్టుందే! ఇటంతా కారిపోతంది! దండగైపోతంది, ఆళ్లకి సెప్పు!"

దానికి తెలియదు. ఎవరో పొరపాటున ఒలకబోశారనుకుంది. నడుము లోతు నీళ్లలోంచి మా నూనె పోతోందని బాధపడుతోంది.

"మోకు నిలబట్లేదే! తాత జారిపోయేడు! అక్కా, ఓ తాడు ఎయ్యమను!"

ఏసోబు పాట ఆపేశాడు. కర్రలు ఆగిపోయాయి. నట్టు ఎక్కడున్నది అక్కడే నిలబడింది, వెనక్కి తిరగలేదు. తిరగదని నాకు తెలుసు.

"ఎవరో నిన్ను పిలుత్తున్నారక్కా," అన్నాడు. "మణి గొంతులా ఉంది. గడియ తీసి తాళ్లేద్దామా? ఓ నిమిషం ఆగితే ఏం పోద్ది?"

ఏమీ పోదు. ఇంకా రెండు చుట్లే ఉన్నాయి, పోటు నిండడానికి కావలసినంత సమయం ఉంది. తాళ్లు గోడకే వేలాడుతున్నాయి. గడియ నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. ఇరవై మందీ నా వైపే చూస్తున్నారు. గవర్రాజు గారు కూడా చూస్తున్నారు, అనాల్సిన పని నాకే వదిలేశారు.

"నీళ్ల చప్పుడది," అన్నాను. "తిప్పండి."

ఏసోబు తల వంచి కాసేపు విన్నాడు. ఇంకోసారి వినిపించింది, అక్కా అనే. వాడు నా ముఖంలోకి చూశాడు. తర్వాత కర్రకి రొమ్ము ఆనించాడు, వాడి వెనక మిగతావాళ్లూ ఆనించారు. ఎవరూ పెద్దగా తొయ్యక్కర్లేకపోయింది, అంత తేలిగ్గా తిరిగింది.